దొంగ పెళ్లికూతురు

గుమ్మం దాటి లోపలికి రాకముందే అర్కాదీ గట్టిగా అన్నాడు.

"మీ దగ్గర సరుకుంది. మా దగ్గర వర్తకుడున్నాడు. బేరం మాట్లాడుకుందామా?"

ఇంగ్లీషులోనే అన్నాడు కాబట్టి అందరికీ అర్థమైంది. మా తమ్ముడు సువార్తరాజు ముఖం మాడిపోయింది. మా తెలుగు చర్చిలో అతను సంఘపెద్ద. ఇంటికొచ్చిన మనిషి తన కూతుర్ని సరుకనడం అతనికి మింగుడు పడలేదు. అర్కాదీ వెనక అతని చెల్లెలు గలీనా, ఆమె వెనక ఆమె కొడుకు తిమోఫేయ్ నిలబడి ఉన్నారు. ఏప్రిల్ నెల. కాల్గరీలో మా ఇంటి ముందు ఎత్తిపోసిన మంచు ఇంకా కరగలేదు.

"అంకుల్, అది మావాళ్ల సామెత," అన్నాడు తిమోఫేయ్ కంగారుగా. "పిల్లనడగడానికి వస్తే ముందు ఆ మాటే అనాలి. ప్లీజ్, తప్పుగా అనుకోవద్దు."

వంటింట్లోంచి చూస్తున్న నాకు నవ్వొచ్చింది.

నా పేరు శాంతమ్మ. సువార్తరాజుకు అక్కను. వాళ్ల అమ్మాయి హోప్ పుట్టినప్పుడు, ఆ పిల్లను చూసుకోవడానికి బాపట్ల నుంచి కేర్‌గివర్ వీసా మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాను. పగలు సూపర్ మార్కెట్లో బేకరీ పని. సాయంత్రం ఇంటి పని. బేస్‌మెంట్‌లో నాకో గది. పెళ్లి కాలేదు. ఆ వేసవికి ముందు నా గురించి చెప్పుకోవలసింది అంతకంటే ఏమీ లేదు.

హోప్, తిమోఫేయ్ ఒకే ఆఫీసులో ఇంజనీర్లు. వాళ్లిద్దరూ ఎప్పుడో నిర్ణయించేసుకున్నారు. ఇక పెద్దవాళ్లు ఒప్పుకోవాలి, అంతే. టీ, పకోడీలు ముందు పెట్టుకుని అందరూ వాతావరణం గురించి మాట్లాడుతున్నారు. ఎవరికీ మాట కలవడం లేదు. చివరికి గలీనాయే కదిపింది.

"ఇంగ్లీషులో అందరూ ఇన్-లాలే. మా రష్యన్‌లో అలా కాదు. ప్రతి చుట్టానికీ ఒక పేరుంది. పిల్లవాడి తండ్రికి పిల్ల తండ్రి స్వాత్ అవుతాడు. తల్లి అయితే స్వాత్యా. దీనికి ఇక్కడ మాటే లేదు."

"మాకుంది," అన్నాను. అంతవరకూ నేను నోరు తెరవలేదు. "వియ్యంకుడు. వియ్యపురాలు."

గలీనా చేతిలో కప్పు కింద పెట్టేసింది. "భార్య చెల్లెలి భర్త?"

"తోడల్లుడు."

"మాకు స్వయాక్! మరి భర్త అక్కగానీ చెల్లెలుగానీ?"

"ఆడపడుచు. అంటే నేనే. కృపాబాయికి నేను ఆడపడుచుని."

"జలోవ్కా!" అని గలీనా మా మరదలు కృపాబాయి వైపు తిరిగింది. "జలోవ్కా అంటే పాము తల అని మా ముసలమ్మలు అంటారు."

"మా దగ్గర ఆడబిడ్డ అర్ధమొగుడంటారు," అన్నాను.

ఆ మాటకు అందరికంటే ముందు కృపాబాయి నవ్వింది. టీ పొలమారి దగ్గు వచ్చేదాకా నవ్వింది. దాంతో సువార్తరాజు కూడా మెత్తబడ్డాడు. "బేరం సంగతి చెప్పండి మరి," అన్నాడు అర్కాదీతో. అలా కుదిరింది ఆ సంబంధం.

వెళ్లేటప్పుడు గలీనా నా చెయ్యి పట్టుకుంది. "మీరు నాకేమవుతారు? వియ్యపురాలి ఆడపడుచుకు పేరుందా మీకు?"

"ఉన్నట్టు లేదండీ."

"అయితే మీరు కూడా స్వాత్యాయే," అంది.

ఆ రాత్రి ఆ మాటను చాలాసార్లు మనసులో పలికి చూసుకున్నాను. ఎవరికో ఏదో కావడం నాకు కొత్త.

*

ఆ తర్వాత ఆదివారం సాయంత్రాలు గలీనా వాళ్ల అపార్ట్‌మెంటుకు వెళ్లడం మొదలుపెట్టాను. ఆమె భర్త పోయి చాలా కాలమైంది. పిల్లలకు పియానో నేర్పుతుంది. ఆమెకు వంకాయ కూర నేర్పాను. ఆమె నాకు మాటలు నేర్పింది. కొన్ని మాటలు వింటే ఆశ్చర్యమేసేది. తలుపును ద్వేర్ అంటారు, మన ద్వారం లాగే. ఆకాశం నేబొ, మన నభం లాగే. "ఎక్కడో ఒకే చోట పుట్టి ఉంటాయి," అనేది గలీనా. రైల్లో బేకరీకి వెళ్తూ అవన్నీ నాలో నేను వల్లించుకునేదాన్ని.

ఒకసారి ఇద్దరం రైల్లో వెళ్తుంటే ఆమెకు ఫోన్ వచ్చింది. రష్యన్‌లో రెండు మాటలు మాట్లాడి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి పెట్టేసింది.

"ఈ యుద్ధం మొదలైనప్పటి నుంచి బయట మా భాష మాట్లాడాలంటే సిగ్గుగా ఉంటోంది," అంది. "నేనేం చేశాను? ఏమీ చెయ్యలేదు. అయినా సిగ్గే. ఏ ఊరు మీదని ఎవరైనా అడిగితే ముందు వాళ్ల ముఖం చూస్తాను." ఫోన్ సంచిలో పెట్టుకుని, "పెళ్లిలో మాత్రం గట్టిగా మాట్లాడుకుంటాం. అన్నీ మా పద్ధతిలో చేస్తాం. మీవాళ్లు ఒప్పుకుంటారుగా?" అంది.

"ఒప్పుకుంటారు," అన్నాను. తమ్ముడి తరఫున నేను మాటిచ్చేశాను.

జూన్‌లో మా పెరట్లో కూర్చుని పెళ్లి పనులు మాట్లాడుకున్నారు. పొద్దున మా ఇంట్లో వాళ్ల తంతు, తర్వాత చర్చిలో పెళ్లి, సాయంత్రం హాల్లో విందు. విందులో మందు ఉండకూడదన్నాడు సువార్తరాజు. అర్కాదీ నిట్టూర్చి ఒప్పుకున్నాడు. విందును నడిపించే పెద్దమనిషి అతనే. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో, అందరూ ఎప్పుడు నవ్వాలో చూసుకునే ఆ మనిషిని వాళ్లు తమదా అంటారు.

పొద్దున తంతు పేరు వీకుప్. పెళ్లికొడుకు స్నేహితులతో వచ్చి పిల్లను విడిపించుకోవాలి. పిల్ల తరఫువాళ్లు మెట్టుమెట్టుకూ అడ్డుపడి ప్రశ్నలు వేస్తారు, చాక్లెట్లూ చిల్లరా వసూలు చేస్తారు. మన దగ్గర కొత్త దంపతుల్ని గుమ్మంలో ఆపి పేర్లు చెప్పించడం లేదూ, అలాంటిదే.

"చివర్లో అసలు సరదా," అన్నాడు అర్కాదీ. "దొంగ పెళ్లికూతురు. ఎవరికో ముసుగేసి గదిలో కూర్చోబెడతాం. వీడు ముసుగెత్తి, 'అయ్యో, ఇది నాది కాదు, మార్చండి' అని గోల చెయ్యాలి. అందరూ పడిపడి నవ్వాలి. మేం మామూలుగా మగాడికి గౌను తొడుగుతాం. గడ్డం ఉంటే మరీ మంచిది."

"మగాడెందుకు? మా వదిన ఉందిగా!" అంది కృపాబాయి.

"మగవాళ్లయితేనే సరదాగా ఉంటుందేమో..." అంది గలీనా.

"అక్కకేం, సరదా మనిషి," అన్నాడు సువార్తరాజు.

"మమ్మీ, డోంట్," అంది హోప్. తర్వాత నా వైపు చూసింది. "అత్తా, నీకిష్టం లేకపోతే వద్దు. ఇట్స్ జస్ట్ ఫన్, బట్..."

"కూర్చుంటాలే," అన్నాను.

నేను మొహమాటపడి ఒప్పుకున్నాననుకుని ఉంటారు. మొహమాటం కాదది. మన పద్ధతి ప్రకారం ముందురోజు హోప్‌కు నలుగు పెడతారు. పెళ్లయి పిల్లలున్న ఆడవాళ్లు పెడతారు. అప్పుడు నన్ను వంట చూడమంటారని నాకు ముందే తెలుసు. ఈ పెళ్లిలో నాకో కుర్చీ దొరకడం అదే మొదలు. ఆ కుర్చీ వదులుకోబుద్ధి కాలేదు.

*

పెళ్లి విందులో కొత్త దంపతులకు పిల్లవాడి తల్లి రొట్టె, ఉప్పు పట్టుకుని ఎదురొస్తుంది. ఆ రొట్టెను కరవాయ్ అంటారు. పెద్ద బండి చక్రంలా ఉంటుంది. పైన పిండితోనే జడలు, గులాబీలు, పిచ్చుకలు. దాన్ని నన్ను చెయ్యమంది గలీనా. రోజూ పిండి కలిపే చెయ్యి కదా. నాకు పట్టరాని సంతోషం కలిగింది.

ఇద్దరం ఆమె వంటింట్లో చేసి చూసుకున్నాం. మొదటిది మాడింది. రెండోదాని మీద పిచ్చుకలు బాతుల్లా వచ్చాయి. మూడోది పొయ్యిలో ఉండగా గలీనాకు వాళ్లమ్మ ఫోన్ చేసింది. మాట్లాడుతూ మాట్లాడుతూ గలీనా నా వైపు చూసి, చూపు తిప్పేసుకుంది.

"ఏమంటున్నారు అమ్మగారు?" అన్నాను ఫోన్ పెట్టేశాక.

"పాతకాలం మనిషి. కరవాయ్ చేసేవాళ్లు పెళ్లయి, పిల్లల్ని కని, మొగుడితో సఖ్యంగా ఉన్నవాళ్లే అయ్యుండాలట." చేతులకంటిన పిండి దులుపుకుంది. "ఆ లెక్కన నేనూ పనికిరాను. కాబట్టి ఇద్దరం కలిసి చేద్దాం."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వే మోసుకుని ఇంటికొచ్చి, వంటింట్లో కృపాబాయికి చెప్పాను. ఆమె నవ్వలేదు. కూర తిప్పుతున్న గరిటె ఆపింది.

"వదినా, నువ్వేమీ అనుకోకు. ఎవరైనా అడిగితే నేను చేశానని చెబుదాం."

"రొట్టెకేం తెలుస్తుంది కృపా?"

"రొట్టెకి కాదు వదినా, మనుషులకి. పిల్ల కాపురం కదా. రేపేదన్నా అయితే..."

"సరే," అన్నాను. పిల్ల కాపురం అంటే నేనింకేమనగలను? కృపాబాయి చెడ్డది కాదు. చెడ్డదైతే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

నలుగునాడు అనుకున్నట్టే జరిగింది. "వదినా, బిర్యానీ కాస్త నువ్వు చూడవా, ఎవరి మీదా నమ్మకం లేదు," అంది కృపాబాయి. కింద పొయ్యి దగ్గర నేను, పైన పసుపు నీళ్ల మధ్య హోప్ కేకలు. ఆ పిల్లకు పుట్టినప్పటి నుంచి నలుగు పెట్టి స్నానం చేయించింది నేనే. బిర్యానీ బాగా కుదిరింది. అందరూ అన్నారు.

*

పెళ్లినాడు పొద్దున హోప్ స్నేహితురాళ్లు నన్ను ముస్తాబు చేశారు. కృపాబాయి తన పెళ్లినాటి తెల్ల పట్టుచీర ఇచ్చింది. "నీకు బాగుంటుంది వదినా," అంది. మనస్ఫూర్తిగానే అంది. చేతికి గ్లవ్స్, పెదాలకు రంగు, ప్లాస్టిక్ పూలగుత్తి. ముసుగు వెయ్యబోతూ ఒక అమ్మాయి నన్ను అద్దం వైపు తిప్పింది.

నాకు నేను బాగున్నాననిపించింది. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు.

హోప్ గదిలో కుర్చీలో కూర్చోబెట్టి ముసుగు దించారు. హోప్ పక్కనున్న బాత్రూంలో దాక్కుని స్నేహితురాళ్లతో కిసకిస నవ్వుతోంది. కింద వీకుప్ మొదలైంది. ఎవరో అరుస్తున్నారు. "హోప్‌కి ఏ కూరంటే పడదు?" "కాకరకాయ!" చప్పట్లు. చిల్లర పళ్లెంలో పడుతున్న చప్పుడు. మెట్ల మీద అడుగులు. ఒక్కొక్క మెట్టే దగ్గరికొస్తున్నాయి.

అబద్ధమని నాకు తెలుసు. తెలిసినా నా గుండె మాట వినలేదు. ఒక మనిషి నన్ను వెతుక్కుంటూ, అడ్డం పడుతున్నవాళ్లందరినీ తోసుకుంటూ మెట్లెక్కి వస్తున్నాడని నా ఒళ్లు నమ్మేసింది. తలుపు తెరుచుకుంది. ముసుగులోంచి అంతా తెల్లటి పొగలా ఉంది. తిమోఫేయ్ వచ్చి నా ముందు ఒక మోకాలు నేలకానించి, నా చెయ్యి అందుకున్నాడు. నా వేళ్లు వాటంతటవే అతని చేతిని బిగించి పట్టుకున్నాయి. అతను ఆ చెయ్యి పట్టుకుని కొంచెంసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత మెల్లిగా ముసుగెత్తాడు.

నా చెంపలు తడిసి ఉన్నాయి. అది నాకప్పుడే తెలిసింది.

అతను గోల చెయ్యాలి. ఇది నాది కాదనాలి. గుమ్మం నిండా జనం, చేతుల్లో ఫోన్లు పట్టుకుని దానికోసమే ఎదురుచూస్తున్నారు. తిమోఫేయ్ గోల చెయ్యలేదు. "అత్తా, ఆర్ యూ ఓకే?" అన్నాడు, నాకు మాత్రమే వినిపించేలా.

అందరి నవ్వూ సగంలో ఆగిపోయింది. దాన్ని నిలబెట్టడానికి కాబోలు, వెనక నుంచి అర్కాదీ రష్యన్‌లో ఏదో గట్టిగా అన్నాడు. వాళ్ల వైపువాళ్లు గొల్లున నవ్వారు. మనవాళ్లు కూడా అర్థం కాకుండానే నవ్వారు. ఆ వాక్యంలో రెండు మాటలు నాకు అందాయి. స్తారయా దేవా.

స్తారయా అంటే పాతదని గలీనా చెప్పగా తెలుసు. ఇక దేవా అన్నది నేను రోజూ ప్రార్థనలో పలికే మాటే. ద్వారం, నభం కలిసినట్టే ఇదీ కలిసిందనుకున్నాను. సనాతనుడవైన దేవా! నా కన్నీళ్లు చూసి ఆ పెద్దమనిషి నా కోసం దేవుణ్ణి పిలిచాడనుకున్నాను. కళ్లు తుడుచుకుని నేనూ నవ్వాను. ఈలోగా బాత్రూం తలుపు తోసుకుని హోప్ బయటికొచ్చింది. అందరూ అటు తిరిగారు.

*

చర్చిలో పెళ్లి మన పద్ధతిలోనే జరిగింది. సాయంత్రం హాలు గుమ్మంలో గలీనా కరవాయ్ పట్టుకుని నిలబడింది. పిచ్చుకలు ఈసారి పిచ్చుకల్లాగే ఉన్నాయి. కొత్త దంపతులు రొట్టె ముక్క తుంచి ఉప్పులో అద్దుకుని ఒకరికొకరు తినిపించుకున్నారు. ఎవరో రష్యన్ ఆవిడ ఆశ్చర్యపోతూ ఇంత అందంగా ఎవరు చేశారని అడిగింది.

"మా స్వాత్యా," అంది గలీనా, ఎవరి వైపూ చూడకుండా.

ఆవిడ వెళ్లి కృపాబాయిని కౌగిలించుకుంది.

విందులో వాళ్లు గ్లాసులెత్తి "గోర్కా! గోర్కా!" అని అరుస్తారు. చేదు అని దానర్థం. తాగేది చేదుగా ఉంది, మీరు ముద్దు పెట్టుకుంటే తీపెక్కుతుందని పెళ్లిజంటను ఆటపట్టించడం. మా గ్లాసుల్లో ఉన్నది ద్రాక్షరసం. అయినా చేదేనని అరిచారు. వాళ్లు అరిచినప్పుడల్లా మా చర్చివాళ్లు తలలు దించుకుని ప్లేట్లలోకి చూశారు. గలీనా ఆ రోజు నిజంగానే గట్టిగా మాట్లాడింది. ఆమె గొంతు అంత పెద్దదని నాకు తెలియదు.

తండ్రి మాట్లాడాడు. తల్లులు మాట్లాడారు. అప్పుడు అర్కాదీ మైకు పట్టుకుని, "పొద్దున మనందరి గుండెలూ దోచుకున్న దొంగ పెళ్లికూతురు!" అని నన్ను పిలిచాడు.

నేను సిద్ధపడే ఉన్నాను. వారం నుంచి రైల్లో వల్లించుకున్న మాటలు. లేచి నిలబడి ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను. "నేను హోప్ మేనత్తను. కృపాబాయికి జలోవ్కాను. గలీనాకు స్వాత్యాను." రష్యన్లు సంబరంగా బల్లలు చరిచారు. నా నోట వాళ్ల మాటలు విని వాళ్ల ముఖాలు వెలిగిపోయాయి. ఆ వెలుగులో నాకు ధైర్యం వచ్చింది.

"ఇవాళ పొద్దున అర్కాదీ గారు నాకోసం ఇంకో మంచి మాట అన్నారు," అన్నాను. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. "స్తారయా దేవా. అదే నా ప్రార్థన కూడా."

హాల్లో ఒక పక్కంతా మాట ఆగిపోయింది. ఎవరో కుర్రవాడు ముక్కుతో నవ్వి ఆపుకున్నాడు. ఒకావిడ నేప్కిన్ నోటికి అడ్డం పెట్టుకుంది. అర్కాదీ మైకు దించేశాడు. ఇంకోపక్క మనవాళ్లు చప్పట్లు కొడుతున్నారు. అందరికంటే గట్టిగా కొడుతున్నది మా తమ్ముడు. నేను హోప్ వైపు చూశాను. ఆ పిల్ల తన ముందున్న పూలవైపు చూస్తోంది. తలెత్తలేదు.

గలీనా లేచి నిలబడింది. "గోర్కా!" అంది ఒక్కతే. ఎవరూ అందుకోలేదు. మళ్లీ అరిచింది, గొంతు చీలిపోయేలా. "గోర్కా!" అప్పుడు ఒక్కొక్కరే అందుకున్నారు, చివరికి హాలంతా మోగింది. పెళ్లిజంట లేచి ముద్దు పెట్టుకున్నారు. నేను ఇంకా నిలబడే ఉన్నాను. అందరితో పాటు చప్పట్లు కొట్టి కూర్చున్నాను.

*

వాళ్ల పెళ్లికి రెండోరోజు కూడా ఉంటుంది. అత్తగారింట్లో అల్లుడికి పెనం మీద పల్చగా పోసిన అట్లు పెట్టాలి. తర్వాత చుట్టాలంతా కాగితం ముక్కలూ చిల్లరా నేల మీద విసురుతారు. కొత్త పెళ్లికూతురు చీపురు పట్టుకుని ఊడ్చి తన పనితనం చూపించాలి. మా హాల్లో అందరూ విసురుతున్నారు, హోప్ ఊడుస్తోంది. ఆ పిల్లకు చీపురు పట్టడం రాదు. ఒక పక్క ఊడిస్తే ఇంకోపక్క చెదిరిపోతోంది. నేను అలవాటుగా లేచి వెళ్లి చీపురు అందుకోబోయాను.

"వద్దు వద్దు, పెళ్లికూతురే ఊడవాలి," అని ఒకాయన నన్ను ఆపాడు. అందరూ నవ్వారు. నేను వంటింట్లోకి వచ్చేశాను.

గలీనా అట్లు పోస్తోంది. ఆమె పక్కన నిలబడి తిరగెయ్యడం మొదలుపెట్టాను.

"నిన్న నేను మాట్లాడుతుంటే మీవాళ్లందరూ ఎందుకు ఊరుకున్నారు?" అన్నాను. "దేవుడి మాట విందులో అనకూడదా?"

ఆమె నా వైపు తిరగలేదు. పెనం మీద అట్టు మాడుతున్నా చూస్తూ నిలబడింది. "మాటలన్నీ నేర్పాను. ఆ ఒక్కటీ నేర్పలేదు," అంది.

వెనక హోప్ నిలబడి ఉంది. చేతిలో చీపురు, చేటలో చెత్త.

"అత్తా, దేవా అంటే గాడ్ కాదు," అంది. "ఇట్ మీన్స్ ఓల్డ్ మెయిడ్. పెళ్లికాని ముసలిది అని."

నేను స్టవ్ కట్టేశాను. "నీకు నిన్నే తెలుసా?"

"యా. తిమోఫేయ్ నాకు కొంచెం రష్యన్ నేర్పాడు."

"పొద్దున, ఆ గది పక్కన ఉన్నప్పుడే?"

తలూపింది.

"చెప్పి ఉండొచ్చుగా అమ్మా. సాయంత్రం నేను లేచేలోపు."

"ఎలా చెప్పను? పొద్దున నువ్వు అంత హ్యాపీగా... తర్వాత సాయంత్రం ఎవ్రీవన్ వాజ్ లుకింగ్." ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఐ వాజ్ సో అషేమ్డ్."

నన్ను అలా అన్నందుకు సిగ్గుపడిందో, నన్ను చూసి సిగ్గుపడిందో అడగలేదు. ఇంట్లో అతిథులున్నారు. చేటలోని చెత్త తీసుకుని బుట్టలో వేశాను. చిల్లర ఏరి గట్టు మీద పెట్టాను. "అట్లు చల్లారిపోతాయి, తీసుకెళ్లు," అన్నాను.

అర్కాదీ ఆ రోజు తినకుండానే వెళ్లిపోయాడట.

*

ముసుగెత్తిన వీడియోను మా తమ్ముడు చర్చి గ్రూపులో పెట్టాడు. ముచ్చటపడే పెట్టాడు. ఆగస్టులో ఒకరోజు బేకరీకి మా చర్చి ఆవిడ ఒకామె వచ్చి, "వీడియో చూశామండీ, ఎంత నవ్వుకున్నామో," అంది. నేనింకా చూడలేదు. ఇంటికెళ్తూ రైల్లో చూశాను.

నవ్వులు నన్ను బాధపెడతాయనుకున్నాను. అవి వినిపించనే లేదు. ముసుగు పైకి లేస్తుంటే కింద నుంచి నా ముఖం కొంచెం కొంచెంగా కనిపిస్తుంది. గడ్డం, పెదాలు, తర్వాత కళ్లు. ఆ కళ్లలో వేళాకోళం లేదు. ఆ ముఖం నిజంగా ఎదురుచూస్తున్న మనిషి ముఖం. ఇన్నాళ్లూ నాకే చూపించకుండా దాచుకున్నదాన్ని చర్చివాళ్లందరూ ఫోన్లలో తిప్పి తిప్పి చూశారు. ఒంటి మీద బట్ట జారిపోయినట్టయింది. ఫోన్ సంచిలో పడేసి, నా స్టేషన్ దాటిపోయినా దిగలేకపోయాను.

ఆ వారమే బేకరీలో నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి ద్వారా ఒక అద్దె ఇల్లు చూసుకున్నాను. రెండో అంతస్తులో చిన్న అపార్ట్‌మెంటు. తూర్పు వైపు కిటికీ.

"ఎవరేమన్నారని అక్కా?" అన్నాడు సువార్తరాజు. "ఆటలో ఎవడో అన్న మాట పట్టుకుని ఇల్లు వదిలి పోతావా?"

"మాట కోసం కాదురా."

"మరి దేనికి?"

ఆ ముఖం సంగతి తమ్ముడికెలా చెప్పను?

"నేనే వెళ్లగొట్టానంటారు వదినా," అని కృపాబాయి ఏడ్చింది. "హోప్ పెళ్లవగానే పనయిపోయిందని పంపేశామంటారు. చర్చిలో తలెత్తుకోలేను." ఆమెను దగ్గరికి తీసుకున్నాను. నిజంగానే జాలేసింది. కానీ ఉండిపోతానని మాత్రం అనలేదు.

సామాను మార్చడానికి అర్కాదీ తన ట్రక్కు తెచ్చాడు. గలీనా పంపిందేమో తెలియదు. పరుపు, బీరువా, గ్రైండరు ఒక్కడే మోశాడు. రెండంతస్తుల మెట్లు. ఎప్పుడూ వాగుతూ ఉండే మనిషి ఆ రోజంతా నోరు విప్పలేదు. టీ ఇస్తానంటే తల అడ్డంగా ఊపాడు. వెళ్లేటప్పుడు టోపీ తీసి చేతిలో పట్టుకుని, ఏదో అనబోయి, మళ్లీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

హోప్ ఫోన్ చేస్తూనే ఉంది. చాలా రోజులు ముక్తసరిగా మాట్లాడాను. ఒకరోజు, "అత్తా, బిర్యానీలో నీళ్లు ఎంత పొయ్యాలి?" అని అడిగింది. చెప్పాను. కుదరలేదని మళ్లీ చేసింది. "శనివారం వచ్చి చూసి నేర్చుకో," అన్నాను. ఇద్దరూ వచ్చారు. ఆ పిల్ల ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చింది. ఉల్లిపాయలకేననుకున్నట్టు నేను ఊరుకున్నాను.

సెప్టెంబరు చివర్లో మొదటి మంచు పడింది. ఆ మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే సువార్తరాజు. రెండు చేతులా పెద్ద పెరుగు గిన్నె, దాని మీద కృపాబాయి కట్టిన గుడ్డ. కోటు భుజాల మీద మంచు. వరండాలోంచి లోపలికి తొంగి చూశాడు. కిటికీని, చిన్న బల్లను, దాని పక్కనున్న ఒక్క కుర్చీని చూశాడు. ఇన్నేళ్లలో తమ్ముడు నా ఇంటికి రావడం అదే మొదటిసారి.

లోపలికి అడుగు వెయ్యలేదు. మంచు అంటిన బూట్లతో గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"అక్కా," అన్నాడు, "ఇవి ఎక్కడ విడవమంటావు?"